పిడి లేని కొడవలి

మెడలో వేసుకోమని ఇచ్చిన అట్టముక్క మీద ఒట్టి పేరే ఉంది. ముందు డాక్టర్ లేదు, వెనక పట్టాలు లేవు. ముప్ఫై నాలుగేళ్ళు కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. ‘సార్’ అనో ‘మాస్టారూ’ అనో తప్ప నన్ను ఒట్టి పేరుతో పిలిచినవాళ్ళు మా అమ్మ పోయాక ఎవరూ లేరు. పక్కనున్నాయన మెడలోకి చూశాను, ఆయనదీ అంతే. ఆయన యూనివర్సిటీలో ప్రొఫెసరని, ఆ వెనక నిలబడ్డాయన రబ్బీ, అంటే మతగురువని, తలుపు దగ్గర కాగితాలు పంచుతున్నావిడ పళ్ళ డాక్టరని రెండో రోజుకి గాని తెలియలేదు. తెలియాల్సిన అవసరమూ ఎవరికీ ఉన్నట్టు కనపడలేదు.

అది డిసెంబరు ఆఖరి వారం. మా అమ్మాయి వాళ్ళుండేది బర్మింగ్‌హామ్ పక్కన సోలిహల్‌లో. వాళ్ళ పక్కింటి పెద్దావిడ యూదురాలు. ఏటా ఈ వారంలో ‘లిమూద్’కి వెళ్ళి, అక్కడ కుర్చీలు సర్దే పని దగ్గర్నుంచి క్లాసు చెప్పే పని దాకా ఏది ఇస్తే అది చేస్తుంది. ‘మీరు జీవితమంతా పాఠాలు చెప్పారు కదా, మావాళ్ళు పాఠం ఎలా చదువుకుంటారో చూద్దురు గాని, రండి’ అంది. యూదుణ్ణి కాని నేను రావచ్చా అని అడిగాను. నేర్చుకోడానికి వచ్చేవాళ్ళని అక్కడ ఆ ప్రశ్న ఎవరూ అడగరంది.

లిమూద్ అంటే హీబ్రూలో చదువు, నేర్చుకోవడం. 1980లో ఇంగ్లండులో సుమారు ఎనభై మంది యూదు విద్యావేత్తలు, ఉపాధ్యాయులు చేరి దీన్ని మొదలుపెట్టారు. అమెరికాలో అలాంటి సభలు చూసి వచ్చిన ఉత్సాహం అది. తర్వాత చాలా ఏళ్ళు నాటింగ్‌హామ్, వార్విక్ యూనివర్సిటీల్లో జరిగి, ఇప్పుడు బర్మింగ్‌హామ్ ఎగ్జిబిషన్ సెంటర్ పక్కన చెరువొడ్డునున్న పెద్ద హోటల్లోకి వచ్చింది. రెండు వేల మందికి పైగా వచ్చిన సంవత్సరాలున్నాయి. దీన్ని చూసి ఎన్నో దేశాల్లో ఎవరికి వాళ్ళు ఇలాంటివి పెట్టుకున్నారు. పాఠం చెప్పినందుకు ఎవరికీ పారితోషికం ఉండదు. పొద్దున ఒక గదిలో చెప్పినవాళ్ళు మధ్యాహ్నం ఇంకో గదిలో ఆఖరి వరసలో కూర్చుని నోట్సు రాసుకుంటుంటారు. ఒకే గంటలో ఒక గదిలో తల్ముద్ అనే ధర్మశాస్త్ర గ్రంథం, ఒక గదిలో యెమెన్ యూదుల వంట, ఒక గదిలో ఇద్దిష్ పాట, ఇంకో గదిలో ఇజ్రాయెల్, పాలస్తీనా మీద గొంతులు పెరిగిపోయే చర్చ.

వాళ్ళలో వాళ్ళకి ఈ సభ మీద కూడా పేచీ ఉంది. సనాతన సంప్రదాయం రబ్బీలు కొందరు, సంస్కరణవాదుల పక్కన ఒకే వేదిక మీద కూర్చుంటే వాళ్ళ దారిని ఒప్పుకున్నట్టవుతుందని దీనికి దూరంగా ఉంటూ వచ్చారు. 1991 నుంచి 2013 దాకా బ్రిటన్ ప్రధాన రబ్బీగా ఉన్న జొనాథన్ శాక్స్ అంతటి పండితుడు కూడా ఆ పదవిలో ఉన్నన్నాళ్ళూ ఇక్కడికి రాలేదు. ఆయన తర్వాత వచ్చిన ఎఫ్రాయిమ్ మిర్విస్, వెళ్ళొద్దని కొందరు రబ్బీలు బహిరంగంగా అభ్యంతరం చెప్పినా, 2013లో వచ్చారు. పక్కింటావిడ ఇదంతా కార్లో చెప్పుకొచ్చింది. రానివాళ్ళ మీద ఆమెకి కోపం లేదు. వాళ్ళ వాదనని వాళ్ళకంటే బాగా చెప్పిందేమో అనిపించింది నాకు.

అదో పద్ధతట. రెండు వేల ఏళ్ళ కిందట హిల్లేల్, షమ్మాయి అని రెండు గురుకులాలు. ప్రతి విషయంలోనూ చెరో మాట. చివరికి ఆకాశవాణి రెండు మాటలూ దైవవాక్కులేనని చెప్పి, ఆచరణకి మాత్రం హిల్లేల్ శిష్యుల మాట తీసుకోమందని తల్ముద్‌లో కథ. ఎందుకు వాళ్ళది? తమ మాట కంటే ముందు అవతలివాళ్ళ మాట చెప్పేవారు కాబట్టి. ఓడిపోయిన మాటని కొట్టెయ్యరు, పేరుతో సహా రాసి ఉంచుతారు. ఎందుకు రాయాలని తల్ముద్‌కి మూలమైన మిష్నాలోనే ప్రశ్న వేసుకున్నారు. రేపు ఇంకో న్యాయస్థానానికి ఆ మాటే ఆధారం కావచ్చునని ఒక జవాబు. దానికి ఎదురుగా ఇంకో జవాబు కూడా అక్కడే ఉంది! మన శాస్త్రాల్లో పూర్వపక్షం చెప్పనిదే సిద్ధాంతం చెప్పరు. అదే పద్ధతి ఇక్కడ ఇంకా ఊపిరి పీలుస్తోంది.

నేను చెప్పాలనుకున్నది రెండో రోజు పొద్దున జరిగింది.

పొడుగాటి గది. బల్లలకి అటొకరు ఇటొకరు, జంటలు జంటలుగా కూర్చోబెట్టారు. దీన్ని హవ్రూతా అంటారు. తోడు అని అర్థం. ఒకే పాఠం ఇద్దరూ పైకి చదవాలి, ఒకరు అర్థం చెప్పాలి, ఒకరు అడ్డు తగలాలి. కాసేపటికి గదంతా సంతలా అయిపోయింది. చిన్నప్పుడు వీధిబడి పక్కనుంచి వెళ్తుంటే ఇలాగే ఉండేది. అక్కడ అందరూ ఒకే ఎక్కం అరిచేవాళ్ళు. ఇక్కడ ఏ బల్లకి ఆ బల్ల వేరే గొడవ.

నా ఎదురుగా పదిహేడేళ్ళ పిల్ల. మాంచెస్టర్ నుంచి వాళ్ళ నాన్నతో వచ్చింది. పళ్ళకి తీగ, చేతిలో రెండు రంగుల పెన్సిళ్ళు. మా మధ్య ఒక కాగితం, ఒక పక్క హీబ్రూ, అరామిక్, ఇంకో పక్క ఇంగ్లీషు. ముందు ఆ అమ్మాయి తల్ముద్ అసలు పుట ఎలా ఉంటుందో తన పుస్తకంలో చూపించింది. నడుమ మూలం, లోపలి అంచున పదకొండో శతాబ్దంలో ఫ్రాన్సులో ఉన్న రాషీ వ్యాఖ్య, బయటి అంచున ఆయన మనవళ్ళు, వాళ్ళ శిష్యులు ఆయనతో పడ్డ తగువు. 1520 ప్రాంతంలో వెనిస్‌లో డేనియల్ బోంబెర్గ్ అనే క్రైస్తవ ముద్రాపకుడు అచ్చువేసిన పుట అమరికే ఇవాళ్టికీ చెల్లుతోంది. తల్ముద్‌లో ఏ గ్రంథానికీ మొదటి పుట అంకె ఉండదు, రెండుతోనే మొదలు. మూలం, ప్రతిపదార్థం, తాత్పర్యం ఒకదాని కింద ఒకటి వినయంగా నిలబడే మన పుస్తకాలతో పెరిగిన నా కంటికి, తాతని చుట్టుముట్టి మనవళ్ళు వాదిస్తున్న ఆ పుట వింతగానూ ఉంది, ముద్దుగానూ ఉంది.

మాకిచ్చిన కథ బాబా మెత్సియా అనే గ్రంథంలోది. మూడో శతాబ్దం, గలిలయ దేశం. రబ్బీ యోహనాన్ మహా పండితుడు, మహా అందగాడు. యోర్దాను నదిలో స్నానం చేస్తుంటే రేష్ లాకిష్ అనే బందిపోటు నీళ్ళలోకి దూకాడు. ఆ బలాన్ని శాస్త్రానికి ఇమ్మన్నాడు యోహనాన్, వస్తే తన చెల్లెల్నిచ్చి పెళ్ళి చేస్తానన్నాడు. వచ్చాడు, చదివాడు, యోహనాన్‌తో సమానంగా కూర్చుని వాదించేవాడయ్యాడు. ఒకరోజు పాఠశాలలో చర్చ వచ్చింది. కత్తి, చాకు, బాకు, ఈటె, చేకొడవలి, కోతకొడవలి. వీటికి మైల ఎప్పటి నుంచి అంటుతుంది? తయారీ పూర్తయిన దగ్గర్నుంచి. మరి పూర్తయ్యేదెప్పుడు? కొలిమిలో కాల్చినప్పుడన్నాడు యోహనాన్. నీళ్ళలో ముంచి మెరుగు తెచ్చినప్పుడన్నాడు రేష్ లాకిష్. దానికి యోహనాన్, దొంగకి దొంగ పనిముట్ల సంగతి బాగానే తెలుస్తుందని అన్నాడు.

ఆ ఒక్క మాట. రేష్ లాకిష్ మనసు విరిగింది. నువ్వు నాకు చేసిన మేలేమిటి, అక్కడా నన్ను నాయకుడనేవాళ్ళు, ఇక్కడా అంటున్నారు అన్నాడు. నిన్ను దేవుడి రెక్కల నీడకి తెచ్చానన్నాడు యోహనాన్. ఆయనా నొచ్చుకున్నాడు. రేష్ లాకిష్ మంచం పట్టాడు. చెల్లెలు ఏడుస్తూ వచ్చి పిల్లల ముఖం చూడమంది, నా పసుపు కుంకుమలు చూడమంది అని నా చెవికి వినపడింది. అన్న కరగలేదు. రేష్ లాకిష్ పోయాడు.

పోయాక యోహనాన్‌కి లోకం శూన్యమైపోయింది. ఓదార్చడానికి ఎలాజార్ బెన్ పెదాత్ అనే చురుకైన పండితుణ్ణి పంపారు. యోహనాన్ ఏ మాట చెప్పినా, మీ మాటకి ఇదిగో ప్రమాణం అని అందించేవాడు. యోహనాన్ విసిగిపోయాడు. లాకిష్ కొడుకు, ఆ రేష్ లాకిష్, నేనొకటి చెబితే ఇరవై నాలుగు అభ్యంతరాలు తెచ్చేవాడు, నేను ఇరవై నాలుగు జవాబులు చెప్పేవాణ్ణి, దాంతో శాస్త్రం విశాలమయ్యేది, నాది ఒప్పని నాకు తెలియదా, అది చెప్పడానికి నువ్వెందుకు అన్నాడు. బట్టలు చింపుకుని, లాకిష్ కొడుకా ఎక్కడున్నావని వీధుల్లో అరుస్తూ తిరిగి, మతి చెదిరి పోయాడు.

ఆ అమ్మాయి ఒక్కో వాక్యం చదివి తన అభిప్రాయం చెబుతోంది. నేను తలూపుతున్నాను. చాలా బాగా చెప్పావన్నాను, నిజమే అన్నాను. పరాయి మతం, పరాయి గ్రంథం, చిన్నపిల్ల. ఇంకేం చెయ్యాలి? ఆ పిల్ల పెన్సిలు కింద పెట్టింది. నా మెడలో అట్టముక్క చూసి పేరు పెట్టి పిలిచింది. ‘మీరు ఎలాజార్ లాగా మాట్లాడుతున్నారు. నాకు ఎలాజార్ వద్దు. ఎక్కడైనా కాదనండి’ అంది.

మందలింపు కాదది. తోడు కావాలని అడగడం. డెబ్బై ఏళ్ళు దగ్గరపడ్డవాణ్ణి పదిహేడేళ్ళ పిల్ల అలా అడగ్గలిగిన చోటు ఎంత మంచి చోటో అనిపించింది.

కాగితం మళ్ళీ చూశాను. కొలిమి అంటాడొకాయన, నీళ్ళంటాడొకాయన. మా ఊరి కమ్మరి కొలిమి నాకు బాగా తెలుసు. కోతల ముందు మా నాన్న కొడవళ్ళ కట్ట నా నెత్తిన పెట్టి పంపేవాడు. తిత్తి ఊదుతూ కూర్చునేవాణ్ణి. ఎర్రగా కాలిన ఇనుము దాగలి మీద పెట్టి కొట్టి, వంపు తిప్పి, తొట్లో ముంచితే చుయ్యిమని పొగ లేచేది. పదును పెట్టి, కక్కు కొట్టి పక్కన పడేసేవాడు. ‘అయిపోయిందా మావా?’ అంటే, ‘ఎక్కడయిందిరా, పిడేదీ?’ అనేవాడు. వడ్రంగి తుమ్మ చేవ పిడి ఇవ్వాలి. కొడవలి వెనక సన్నటి చివర మళ్ళీ ఎర్రగా కాల్చి పిడిలోకి దిగ్గొడితే కర్ర కాలిన కమ్మటి వాసన వచ్చేది. అప్పుడు చేతిలో పెట్టి, ‘ఇప్పుడు తీసుకుపో’ అనేవాడు.

‘ఇద్దరూ తప్పే’ అన్నాను. ‘కొలిమీ కాదు, నీళ్ళూ కాదు. పిడి వేస్తేనే పూర్తయినట్టు.’

ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది. వెంటనే అడ్డు తగిలింది. ‘పిడి లేని కొడవలితో కూడా చెయ్యి తెగుతుంది కదా? గాయం చేసే వస్తువు పూర్తి కానిదెలా అవుతుంది?’

‘పట్టుకున్నవాడి చెయ్యే తెగుతుంది. కొడవలి ఉన్నది పైరు కొయ్యడానికి.’

‘బాకు సంగతో?’

ఇరవై నిమిషాలు గడిచాయి. బాకు దగ్గర నేను ఓడిపోయాను. కొడవళ్ళ దగ్గర ఆ అమ్మాయి సగం ఒప్పుకుంది. నా మాటని కాగితం అంచున రాసుకుని, పక్కనే తెలుగులో పిడి అని రాసిమ్మంది. రాశాను. రాషీ వ్యాఖ్య ఉండే లోపలి అంచు వదిలి, తగువులాడే బయటి అంచున రాయించింది.

అప్పుడే ఆ గదికి పెద్దగా ఉన్నావిడ అందర్నీ ఆపి ఒక మాట అడిగింది. ఇదే గ్రంథంలో, పాతిక ఆకుల ముందు, మాటలతో మనిషిని నొప్పించడం గురించి ఒక భాగం ఉంది. సరుకులో మోసం ఎలా తప్పో, మాటలో నొప్పించడమూ అలాగే తప్పు. తప్పుదారి విడిచి వచ్చినవాడికి నీ పాత పనులు గుర్తు చేసుకోమనకూడదు. బయటి నుంచి వచ్చినవాళ్ళ బిడ్డకి మీ తాతలు చేసిందేమిటో గుర్తు చేసుకోమనకూడదు. యోహనాన్‌కి ఈ సంగతి తెలియదా? ఇంత చదువూ ఉండి, ఎదురు వాదన వచ్చిన ఆ క్షణంలో ఎక్కడికి పోయింది?

గది మళ్ళీ సంత అయింది. నా ముందున్న పిల్ల ఏదో అంటోంది. నాకు వినపడలేదు. నేను 1987లో ఉన్నాను.

పల్నాడులో ఒక కాలేజీ. రెండో సంవత్సరం డిగ్రీ. పాఠంలో మోట వచ్చింది. బావిలోంచి ఎద్దులతో నీళ్ళు తోడే తోలు బాన. అప్పటికే పొలాల్లో కరెంటు మోటార్లు వచ్చేశాయి, సగం మంది పిల్లలు మోటని చూడలేదు. నేను ఉత్సాహంగా వర్ణిస్తూ, ఎప్పుడూ నీళ్ళలో నానుతుంది కాబట్టి తోలు మెత్తగా ఉండి చెడకుండా ఉంటుందన్నాను. వెనక బెంచీ నుంచి ఒకబ్బాయి లేచాడు. ఎప్పుడూ మాట్లాడనివాడు. ‘కాదు సార్. ఒట్టి నీళ్ళలో నానితే తోలు కుళ్ళిపోద్ది. తంగేడు చెక్క వేసి ఊనితేనే ఆగేది. తర్వాత ఆముదం పట్టించాలి’ అన్నాడు. ఒప్పు. ప్రతి మాటా ఒప్పు. నా పుస్తకాల్లో లేని ఒప్పు. నేను నవ్వి, ‘అవునురా, తోలు సంగతి నీకు కాక ఇంకెవరికి తెలుస్తుంది’ అన్నాను.

క్లాసంతా నవ్వింది. వాడు కూర్చున్నాడు. ఆ తర్వాత నా క్లాసులో వాడు మళ్ళీ లేచి నిలబడలేదు. పరీక్షల్లో మంచి మార్కులే తెచ్చుకున్నాడు. నేను చెప్పింది చెప్పినట్టు రాసి తెచ్చుకున్నాడు.

మెచ్చుకున్నాననే ఇన్నాళ్ళూ అనుకున్నాను. యోహనాన్ అనుకున్నది కూడా అదేనేమో. ఒక మనిషి తన బతుకులోంచి ఒక నిజం తెచ్చి పాఠం మధ్యలో పెట్టాడు. నిజాన్ని తీసుకోకుండా దాన్ని తెచ్చిన చేతుల్ని చూపించాం, ఆయనా నేనూ. పదిహేడు వందల ఏళ్ళ కిందటి ఆ పాఠశాలకీ మా కాలేజీ మొదటి అంతస్తులో ఆ గదికీ దూరమేమీ కనపడలేదు నాకు. చర్చే మైల గురించి కావడం ఇంకా గుచ్చింది.

టీ విరామంలో ఒక పెద్దమనిషి వచ్చి, నాది గుంటూరని విని చేతులు పట్టుకున్నాడు. అక్కడి తెలుగు యూదుల్ని కలిశారా అని అడిగాడు. కొచ్చిన్ వాళ్ళు, బొంబాయి బేనే ఇజ్రాయెల్ వాళ్ళు, కలకత్తా బాగ్దాదీ వాళ్ళు ఉన్నారని మాత్రమే తెలుసన్నాను. చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బేనే ఎఫ్రాయిమ్ అని ఉన్నారని ఆయన చెప్పాడు. మాదిగ కుటుంబాలు. అంతకు ముందు క్రైస్తవులు. ఇశ్రాయేలు గోత్రాల్లో ఎఫ్రాయిము వంశం తమదని వాళ్ళ నమ్మకం. 1990ల మొదట్లో ఊళ్ళో సొంత ప్రార్థనామందిరం పెట్టుకున్నారు. యులియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే ఇద్దరు పరిశోధకులు వాళ్ళ మీద రాసిన పుస్తకం 2013లో వచ్చింది. చేబ్రోలు మీదుగా నేను పొన్నూరు బస్సులో ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. మా ఇంటికి అంత దగ్గర ఊరి సంగతి బర్మింగ్‌హామ్‌లో తెలిసింది.

‘వాళ్ళు నిజంగా యూదులేనంటారా?’ అని పక్కనున్న ఒకావిడ అంది. ఆ పెద్దమనిషి, ఇందాక పై గదిలో ఏం చదివామో గుర్తు చేసుకోమన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. గుర్తింపు వేరు, గౌరవం వేరు, ధర్మశాస్త్రానికి ఆధారాలు కావాలంది. ఆమె మాటలోనూ బలం ఉంది. టీ చల్లారిపోయేదాకా ఇద్దరూ వాదించుకుని, కలిసే భోజనాలకి వెళ్ళారు. నా మనసు మాత్రం ఆ పెద్దమనిషి వైపే ఉంది. ఆ కుటుంబాల తాతముత్తాతల మీద మన దేశంలో అందరూ తీర్పులు చెప్పారు. వాళ్ళ తాతలెవరో వాళ్ళు చెబితే వినడానికైనా ఎవరో ఒకరు కూర్చోవాలి కదా.

సాయంత్రం వెళ్ళేముందు ఆ మాంచెస్టర్ పిల్ల కాగితం నకలు తీసి నాకిచ్చింది. అందులో మూడు చోట్ల కొత్తగా నా పేరు రాసి ఉంది. నేను కాదన్న మూడు చోట్లు. ఒప్పుకున్నవేవీ రాయలేదు.

ఫిబ్రవరిలో గుంటూరు వచ్చాను. పాత విద్యార్థుల్ని ఒకరి తర్వాత ఒకర్ని అడిగితే వాడి నంబరు దొరికింది. హైస్కూల్లో హెడ్మాస్టరుగా చేస్తున్నాడు. రెండు రోజులు ఫోను చేతిలోకి తీసుకోవడం, పెట్టెయ్యడం. మూడో రోజు చేశాను. గొంతు గుర్తుపట్టి, ‘సార్, నమస్తే సార్, ఆరోగ్యం బాగుందా?’ అన్నాడు. ఆ మాట తనకి గుర్తుందా అని అడగలేదు. నేను అన్నానని, తప్పని, ఇన్నేళ్ళకి తెలిసిందని చెప్పాను. అవతల చాలాసేపు ఏమీ వినపడలేదు. దూరంగా పిల్లలు ఎక్కాలు చెబుతున్నారు. ‘గుర్తుంది సార్’ అన్నాడు. ఇంకేమీ అనలేదు. పోనీలెండి అని కూడా అనలేదు. అనకపోవడమే న్యాయం.

అప్పుడు కొడవలి కథ చెప్పాను. కొలిమి, నీళ్ళు, పిడి, ఆ పిల్ల తెచ్చిన బాకు, అన్నీ. వింటున్నాడు.

‘మోట సంగతి ఏమిటయ్యా?’ అన్నాను. ‘మీ తాతగారి లెక్కలో మోట ఎప్పుడు పూర్తయినట్టు? తోలు ఊనినప్పుడా, బాన కుట్టడం అయిపోయినప్పుడా?’

కుర్చీ జరిపిన చప్పుడయింది. ఎక్కాలు వినపడకుండా తలుపు వేసినట్టున్నాడు.

‘రెండూ కాదు సార్’ అన్నాడు.

‘అదెలా?’ అన్నాను.